అంగడి గుమాస్తా – ఒక వేసట చరిత్ర

మా చిన్న మేనమామ హిందూపురంలోని ఒక బట్టల అంగడిలో ముప్పయ్యేళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశారు. రాత్రి తొమ్మిదిన్నర దాటిన తరువాత ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చునేవారు. అత్త అన్నానికి పిలిచినా వెంటనే లేచేవారు కాదు. మేము పలకరించినా పలికేవారు కాదు. పగలంతా వచ్చినవారినల్లా "రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు" అని ఆదరించిన నోరు సొంత గడప దగ్గరికి వచ్చేసరికి మూతపడిపోయేది. వేసవి సెలవులకు వెళ్ళిన పిల్లలం మేము దాన్ని కోపమనుకొని దూరంగా మసలేవాళ్ళం. అత్త మాత్రం "కోపం కాదు లేరా, యాష్టపోయి వచ్చినాడు. కాసేపు ఊరకుండండి" అనేది.

యాష్ట అన్న ఈ మాట కావ్యాలలో కనబడే "వేసట"కు మా సీమ నాలుక మీద తిరిగిన రూపమేమోనని నా ఊహ. భాషావేత్తలు కాదంటే నేను వాదించను. కాని అర్థం మాత్రం సరిగ్గా అదే. వేసరిన మనిషికి ఒళ్ళు అలసి ఉంటుంది, మనసు విసిగి ఉంటుంది, ఈ రెంటిలో ఏది ముందు వచ్చిందో అతనికే తెలియదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణ పదకొండవ కూర్పులో "బర్నౌట్" అన్న స్థితిని వివరించింది. దాన్ని రోగమని అనలేదు. అదుపు చేయని పని ఒత్తిడి ఏళ్ళ తరబడి సాగడం వల్ల కలిగే, వృత్తికి సంబంధించిన పరిస్థితి అని అన్నది. ఆ వివరణ చదువుతున్నంతసేపూ నాకు మామ కూర్చున్న అరుగే కనబడింది.

పట్టణాలలో సాఫ్టువేరు ఉద్యోగుల వేసట గురించి, వైద్యుల వేసట గురించి ఇప్పుడు పత్రికలు రాస్తున్నాయి. అంగడిలో నిలబడి సరుకు చూపించేవాడి సంగతి ఎవరూ ఎత్తరు. మన సాహిత్యంలో కూడా గుమాస్తా అనగానే కచేరీ గుమాస్తాయే గుర్తుకు వస్తాడు. ఆత్రేయ "ఎన్.జి.ఓ." నాటకంతో ఆ గుమాస్తాకు రంగస్థలం మీద చోటు దొరికింది. ధర్మవరం చీర నేసినవాడి కష్టం గురించి కథలూ వ్యాసాలూ చాలానే వచ్చాయి, రావలసినవే. ఆ చీరను రోజుకు వందసార్లు విప్పి, వందసార్లు మడిచేవాడు మాత్రం ఎక్కడా లేడు. అతని వేసటకూ ఒక చరిత్ర ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం – ఈ మూడు ఊళ్ళను పట్టుకొని చూస్తే అది కొంతవరకైనా అందుతుంది.

ఈ మూడూ 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు అనంతపురం జిల్లా. ఆ జిల్లా 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించేదాకా ఇదంతా మద్రాసు పాలనలోనిదే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడి అంగళ్ళకు మొదట వర్తించిన చట్టం మద్రాసు చట్టం.

మూడింటిలో పాత వైభవం పెనుకొండది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన ఊరు. (వాసవీ కన్యకాపరమేశ్వరి జన్మస్థలంగా వైశ్యులు కొలిచే పెనుగొండ వేరు, అది పశ్చిమగోదావరిలో ఉంది. అంగళ్ళ గురించి రాస్తూ ఈ రెండు ఊళ్ళనూ కలిపివేసిన వ్యాసాలు నేను చదివాను కనుక చెబుతున్నాను.) రాజ్యం పోయాక పెనుకొండకు కోట మిగిలింది, గగన్ మహలు మిగిలింది, ఆ తరువాత తాలూకా కచేరీలు వచ్చాయి. వర్తకం మాత్రం హిందూపురానికి పోయింది. గుత్తి మురారిరావు తండ్రి హిందూరావు పేరిట వెలసిందని చెప్పే ఈ ఊరికి మైసూరు సీమ పక్కనే ఉంది. 1890ల తొలి ఏళ్ళలో గుంతకల్లు, బెంగుళూరుల మధ్య రైలు నడవడంతో బెల్లం, చింతపండు, మిరపకాయలకు ఇది పెద్ద సంత అయింది; పట్టుగూళ్ళ సంత తరువాతి కాలంలో వచ్చి చేరింది. అదే రైలుమార్గం మీద, పాకాల దారి చీలే కూడలి ధర్మవరం. అక్కడ మగ్గం ఉంది, మగ్గం వెనుక పట్టుచీర ఉంది, చీర వెనుక అంగడి వచ్చింది.

కోస్తావారు కొట్టు అంటారు, చదువుకున్నవారు దుకాణం అంటారు, మేము అంగడి అంటాము. సరిహద్దుకు అవతల కన్నడంలోనూ అంగడే. దుకాణం పారసీకం దారిన వచ్చిన మాట. గుమాస్తా కూడా అంతే. నియమించబడినవాడు అని దానికి అర్థం. పద్దెనిమిదో శతాబ్దంలో కుంపిణీ తరఫున ఊళ్ళలో తిరిగి బట్ట కొని, నేతగాళ్ళను బెదిరించి, బయానాలు అంటగట్టిన గుమాస్తా చిన్నవాడేమీ కాదు. అతన్ని చూస్తే మగ్గాలవారు వణికేవారు. ఆ మాటే నూరేళ్ళలో జారుకుంటూ వచ్చి, షావుకారు గల్లాపెట్టె పక్కన చేతులు కట్టుకొని నిలుచున్న జీతగాడి మీద వాలింది. మాటలకు కూడా హోదా తగ్గుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ పాత అంగడి పని ఎలా ఉండేది? మామ చెప్పినదీ, ఆయన ఈడువారు చెప్పగా విన్నదీ రాస్తాను. ఉదయం ఎనిమిదికి ముందే వెళ్ళి తలుపులు తీయాలి. ఊడ్చి, నీళ్ళు చల్లి, పటాలకు ఊదుబత్తి పెట్టాలి. బోణీ అయ్యేదాకా షావుకారు ముఖం చూడకూడదు. జీతం నెలకు ఇంత అని ఉన్నా అది చేతికి ఒక్కసారిగా వచ్చేది కాదు. పండుగకు బట్ట, పెళ్ళికి అప్పు, పిల్లవాడి చదువుకు చేబదులు – అన్నీ ఖాతాలో రాసుకొని, ఏడాది చివర లెక్క చూస్తే గుమాస్తాయే అంగడికి బాకీపడి ఉండేవాడు. ఆ బాకీ తీరకుండా వేరే అంగడికి పోవడం మర్యాద కాదు. తొమ్మిదింటికో తొమ్మిదిన్నరకో తలుపు మూసేది. అంటే పదమూడు గంటలకు పైమాటే. కాబట్టి "ఆ రోజులే బంగారం" అని పాడేవారితో నేను గొంతు కలపలేను.

అయినా ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఆ పదమూడు గంటల లోపల విశ్రాంతి ఇమిడి ఉండేది. దాన్ని ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, ఏ చట్టమూ రాసింది కాదు. అమ్మకం జరిగే పద్ధతిలోనే అది ఉండేది.

మొదటిది, కూర్చోవడం. పాత బట్టల అంగడిలో తెల్లదుప్పటి పరచిన పరుపులు ఉండేవి. గుమాస్తా కూర్చునేవాడు, బేరానికి వచ్చినవారూ కూర్చునేవారు. తాను దొర్లించి, గజంకర్రతో కొలిచి చించేదాకా అంతా కూర్చునే జరిగేది. పై అరలోని సరుకు అందుకోవడానికి మాత్రం లేవాలి. రెండవది, మధ్యాహ్నం. మా సీమ ఎండలో పన్నెండు దాటాక బజారులో కాకి కూడా ఎగరదు. మూడింటిదాకా గిరాకి ఉండదు. షావుకారు భోజనానికి ఇంటికి పోయేవాడు. గుమాస్తాలు వంతులవారీగా క్యారియర్ విప్పి, తిని, ఆ పరుపు మీదే కాసేపు నడుము వాల్చేవారు. మూడవది, ఆషాఢం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, కొత్త కోడలు పుట్టింట ఉంటుంది, కొత్త బట్ట కట్టే పని లేదు. బట్టల అంగడికి అది శూన్యమాసం. సరుకు దించి, దులిపి, కలరా ఉండలు వేసి, లెక్క చూసుకోవడానికి కొద్ది రోజులు. ఆ తరువాత గుమాస్తాలు ఒకరి వెంట ఒకరు పదేసి రోజులు సొంత ఊళ్ళకు వెళ్ళివచ్చేవారు. జీతం కోసేవారా అంటే కొందరు కోసేవారు. అయినా వెళ్ళేవారు.

నాలుగవది కూడా ఒకటుంది, అది విశ్రాంతి కాదు, ఆశ. పని నేర్చుకొని, పదేళ్ళో పదిహేనేళ్ళో కాచుకొని, నాలుగు ఊళ్ళ గిరాకిని మంచి చేసుకొని, తానే చిన్న అంగడి పెట్టుకోవచ్చునన్న ఆశ. అలా పెట్టినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. కొందరైతే పాత షావుకారుకు ఎదురుగానే పెట్టారు. మామ పెట్టలేదు. కాని నలభయ్యేళ్ళు దాటేదాకా పెడతాననే అనుకున్నారు.

ఇక చట్టం సంగతి. మనదేశంలో ఫ్యాక్టరీ కార్మికుని కోసం తొలి చట్టం 1881లో వచ్చింది. 1929లో నియమించిన విట్లీ కమిషన్ పరిశ్రమలనూ తోటలనూ పరిశీలించి 1931లో పెద్ద నివేదిక ఇచ్చింది. అంగళ్ళు దాని పరిధిలో లేవు. 1934 చట్టం ఫ్యాక్టరీలో వారానికి 54 గంటలు దాటకూడదన్నది. అంగడిలో పనిచేసేవాడు కార్మికుడని అప్పటికింకా ఎవరికీ తోచలేదు. అతను షావుకారు ఇంటిమనిషి వంటివాడు కదా! ఇంటిమనిషికి గంటలేమిటి?

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కరలేదు. ఇంగ్లండులో 1886లో వచ్చిన అంగళ్ళ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలతో వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని చెప్పింది. అదే సంస్కరణ! పెద్దవాళ్ళకు ఆ 74 కూడా లేదు. నవలాకారుడు హెచ్.జి.వెల్స్ చిన్నతనంలో బట్టల అంగడిలో పని నేర్చుకోవడానికి కుదిరి, భరించలేక బయటపడ్డాడు. ఆ అనుభవాన్ని 1905లో "కిప్స్" నవలలో వాడుకున్నాడు. 1899లో అక్కడే ఇంకొక చిన్న చట్టం వచ్చింది. అంగడిలో పనిచేసే ప్రతి ముగ్గురు స్త్రీలకు ఒక కుర్చీ అయినా ఉండాలని దాని సారాంశం. ఈ కుర్చీ సంగతికి మళ్ళీ వస్తాను.

మనదగ్గర బొంబాయి ప్రభుత్వం 1939లో అంగళ్ళ చట్టం చేసి దారి చూపింది. 1942లో వారపు సెలవుల చట్టం వచ్చింది. ఏ రాష్ట్ర ప్రభుత్వం తనకు కావాలని ప్రకటిస్తే అక్కడే అమలు. మద్రాసు అంగళ్ళ, సంస్థల చట్టం 1947 నాటిది. హిందూపురం గుమాస్తాకు కాగితం మీద మొదటి విడుదల ఇదే. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. నాలుగు గంటలు పనిచేస్తే ఒక గంట విరామం. పనీ విరామమూ కలిపి రోజులో 12 గంటలకు మించి పరచకూడదు. వారానికి ఒకరోజు అంగడి పూర్తిగా మూయాలి. ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు. ఇవి చిన్న విషయాలు కావు. ఈనాటికీ చాలామందికి అందనివి.

అదే చట్టంలో ఒక సందు ఉంది. యజమాని మీద ఆధారపడి అతనితో కలిసి ఉండే భర్త, భార్య, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు – వీళ్ళు "ఉద్యోగులు" కారు. మన అంగళ్ళలో ఈ సందు ఎంత పెద్దదో వేరే చెప్పాలా? తనిఖీ అధికారి వచ్చిన రోజున గుమాస్తాలందరూ తమ్ముళ్ళైపోయేవారట! (మేనల్లుడు ఆ జాబితాలో లేడు. బహుశా మద్రాసువారికి మేనల్లుళ్ళ సంగతి బాగా తెలిసే ఉంటుంది.)

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా ఈ చట్టమే సాగింది. హైదరాబాదు వైపు 1951 నాటి వేరే చట్టం ఉండేది. రెండింటికీ బదులుగా 1966లో ఆంధ్రప్రదేశ్ చట్టం, దాని స్థానంలో 1988లో ఇంకొకటి వచ్చాయి. 8 గంటలు, 48 గంటలు, వారపు సెలవు అన్నవి అలాగే కొనసాగాయి. మామ పనిచేసిన అంగడిలో ఈ నియమాలన్నీ అద్దం కట్టించి గోడకు తగిలించి ఉండేవి. దానికీ రోజూ ఊదుబత్తి పెట్టేవారు. వారపు సెలవునాడు తలుపు సగం దించి లోపల సరుకు లెక్క చూసేవారు. తలుపు మూసే ఉంది కదా, చట్టం చట్టమే!

ఇంత చెప్పాక అసలు విషయం. చట్టం గంటలను కొలిచింది. గంట లోపల ఏం జరుగుతుందో అది చూడలేదు, చూడవలసిన అవసరం కూడా మొదట్లో లేకపోయింది. ఎందుకంటే గంట లోపల పైన చెప్పిన విశ్రాంతులు ఉన్నాయి. అవి ఒక్కొక్కటే జారిపోయాయి.

ముందు పరుపు పోయింది. ఎప్పుడు పోయిందో సంవత్సరం చెప్పలేను, నా కళ్ళ ముందే పోయింది. దాని చోట గాజుబల్ల వచ్చింది, బల్లకు అటు కొనేవారికి కుర్చీలు, ఇటు అమ్మేవారికి నేల. తరువాత ఏసీ వచ్చింది. బయట ఎండ మండుతున్నప్పుడు చల్లదనం కోసమైనా జనం లోపలికి వస్తారు కనుక మధ్యాహ్నం పోయింది. ఆ తరువాత ఆషాఢం పోయింది. "ఆషాఢం తగ్గింపు అమ్మకాలు" అన్న ప్రకటన వెలువడిన మొదటి ఏడాది పెద్దవాళ్ళు నవ్వారు, శూన్యమాసంలో ఎవడు కొంటాడని. ఇప్పుడు ఆషాఢమంత రద్దీ శ్రావణంలో కూడా ఉంటుందో లేదో. అమ్మకం తెలివి మెచ్చుకోవలసినదే. కాని పంచాంగంలో గుమాస్తాకు మిగిలిన ఒకే ఒక నెల దానితో చెల్లిపోయింది. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే పని రెట్టింపైంది.

ఆశ కూడా పోయింది. ఒక గుమాస్తా పదేళ్ళు కూడబెట్టి మూడంతస్తుల షోరూము పెట్టలేడు.

మొన్నామధ్య ఇంటి పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం వెళ్ళాము. ఊరు నిండా చీరల అంగళ్ళే కదా, నాలుగు తిరిగాము. ఒకచోట ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, మావాళ్ళకు గంటన్నరసేపు చీరలు చూపించింది. బల్ల మీద చీరలు కుప్పపడ్డాయి. మావాళ్ళు ఒకటి కొన్నారు. ఆ అమ్మాయి మిగతావన్నీ ఒక్కొక్కటే మడిచిన మడత మీదే మళ్ళీ మడుస్తూ ఉంది, ముఖం మీద నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. నేను ఉండబట్టలేక, కాసేపు కూర్చోమ్మా అన్నాను. "కూర్చుంటే కెమెరాలో కనపడతాది సార్" అన్నది. అదీ నవ్వుతూనే.

ఫ్యాక్టరీల చట్టం, 1948లో 44వ సెక్షను అని ఒకటి 2025 దాకా ఉండేది. నిలబడి పని చేయవలసిన కార్మికులందరికీ, వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి తగిన ఏర్పాటు ఉండాలని అది చెప్పేది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. దానితో ఆ దారి పొడవునా కొత్త అంగళ్ళు, హోటళ్ళు, కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. ఫ్యాక్టరీ గోడకు లోపల పనిచేసే కుర్రవాడికి 1948 నుండే చట్టంలో ఒక పీట ఉంది. గోడకు బయట అంగడిలో పనిచేసే అతని చెల్లెలికి 1947, 1966, 1988 చట్టాలు గంటలు లెక్కపెట్టాయి తప్ప పీట వేయలేదు.

ఆ పీట కోసం పోరాటం కేరళలో జరిగింది. కోళికోడులో మిఠాయి తెరువు అనే పాత బజారు ఉంది. అక్కడి అంగళ్ళలో పనిచేసే స్త్రీలకు కూర్చునే వీలు లేదు, మరుగుదొడ్డి కూడా లేదు. విజి అనే దర్జీపని చేసే ఆవిడ నాయకత్వంలో "పెణ్‌కూట్టు" అనే సంఘంగా ఏర్పడి ఏళ్ళ తరబడి ఉద్యమించారు. 2018లో కేరళ ప్రభుత్వం అంగళ్ళ చట్టాన్ని సవరించి, పనిచేసేవారందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా మద్రాసువారి అదే 1947 చట్టానికి ఈ నియమం చేర్చింది. అంటే ఒకనాడు మన హిందూపురానికి వర్తించిన చట్టంలోకే 74 ఏళ్ళ తరువాత కుర్చీ వచ్చింది, మనం అందులో లేనప్పుడు. (మద్రాసు బట్టల అంగళ్ళ జీవితం మీద వసంతబాలన్ తీసిన "అంగాడి తెరు" చిత్రం 2010లో వచ్చింది. అంగడీ మనదే, తెరువూ మనదే. కాని తెలుగులోకి తెచ్చేటప్పుడు దానికి "షాపింగ్ మాల్" అని పేరు పెట్టారు.)

కేంద్రం 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలో నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు మాట ఉంది. 2025 నవంబరు 21 నుండి అది అమలులోకి వచ్చింది. పదిమందీ అంతకు పైనా పనిచేసే చోట్లకు అది వర్తిస్తుంది. మన బజారులో నలుగురైదుగురితో నడిచే అంగళ్ళు ఎన్ని ఉన్నాయో ఒకసారి నడిచి లెక్కపెట్టండి. ఇంకొక వైపు, అదే 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988 చట్టాన్ని సవరించి రోజువారీ పరిమితిని 8 గంటల నుండి 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటలన్నది అలాగే ఉంచారు. కాగితం మీద లెక్క సరిపోతుంది. ఎనిమిది గంటల నియమం ఉన్న రోజులలోనే పదమూడు గంటలు నడిచిన అంగడిలో, పది గంటల నియమం ఎన్ని గంటలవుతుందో నాకు భయంగానే ఉంది.

వేసటకు శాస్త్రం పెట్టిన పేరు కూడా ఇటీవలిదే. న్యూయార్కు మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో, ఉచిత వైద్యశాలలో సేవచేసే తనవంటివారు కాలక్రమంలో ఎలా కాలిపోతున్నారో రాశాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దాన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. అందులో మూడు పాళ్ళు ఉన్నాయి: లోపలి సత్తువ ఇంకిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక వస్తువుగా చూడడం, తన పని వల్ల ఏమీ సాధించలేదనిపించడం. మొదట ఇదంతా వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయుల వంటివారి కోసమే. తక్కిన వృత్తులవారికి కూడా వర్తించే కొలమానం 1996లో గాని రాలేదు. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాలలో పనిచేసే స్త్రీలను చూసి, నవ్వడం కూడా శ్రమేననీ, జీతానికి అమ్మిన నవ్వు ఖరీదు మనిషి లోపల చెల్లించుకుంటాడనీ రాసింది. పై ఆకాశంలో ఎగిరేవారి నవ్వుకూ, గాజుబల్ల వెనుక నిలిచినవారి నవ్వుకూ తేడా ఏముంటుంది?

ఆ మూడు పాళ్ళనూ అంగడిలో పెట్టి చూడండి. మొదటిదాన్ని కాళ్ళ వాపులో చూడవచ్చు. రెండవదాన్ని మనమందరం చవిచూశాము: "ఆ రంగు లేదు" అని తల ఎత్తకుండా చెప్పే గొంతు. మనం దాన్ని పొగరనుకొని యజమానికి ఫిర్యాదు చేసి వస్తాము. మూడవది బయటికి కనబడదు. యజమాని పుస్తకంలో మాత్రం అది "ఈ నెల అమ్మకం తక్కువ" అని రాయబడుతుంది. జీతం కోత పడుతుంది, లేదా మనిషి మారతాడు. వేసట అమ్మకాన్ని తగ్గిస్తుంది, తగ్గిన అమ్మకం వేసటను పెంచుతుంది. షావుకార్లకు ఈ రెండో సగమే కనబడుతుంది.

వారికి నచ్చే భాషలోనే ఒక సాక్ష్యం చెబుతాను. 2015–16లో అమెరికాలో గ్యాప్ అనే బట్టల సంస్థ, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాలలోని తన 28 అంగళ్ళలో పరిశోధకులను ఒక ప్రయోగం చేయనిచ్చింది. పనివేళలు నిలకడగా, ముందే తెలిసేటట్టు ఉంచడం దాని ముఖ్యాంశం. 2018లో ఫలితాలు ప్రకటించారు: అమ్మకం 7 శాతం, పనివారి ఉత్పాదకత 5 శాతం పెరిగాయి. జీతం పెంచారా అంటే అది కాదు. రేపు ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఇంటికి పోవచ్చునో మనిషికి తెలిసింది, అంతే. మా హిందూపురం షావుకార్లు పంచాంగం ప్రకారం తమకు తెలియకుండానే చేసిన పని ఇదే.

మామ అంగడి మానేసిన తరువాత కూడా చేతులు ఊరుకునేవి కావు. పక్కన ఏ బట్ట కనబడినా, తువ్వాలైనా, మా పిల్లల చొక్కాలైనా, మాట్లాడకుండానే అందుకొని, అంచు అంచు కలిపి మడిచి పక్కన పెట్టేవారు. ఆయన కబుర్లు చెప్పిన రోజులు నాకు కొన్నే గుర్తున్నాయి. ఏనుగు ఎక్కి వచ్చిన షావుకారు కథ, గజంకర్ర దొంగ కథ, ఒకే చీరకు ముగ్గురు తోడికోడళ్ళు పోట్లాడుకున్న కథ. అవన్నీ మా ఇంటి వసారాలో, బయట తుంపర పడుతుండగా చెప్పినవి. ఆయన మా ఊరికి వచ్చేది ఏడాదికి ఒక్కసారే, ఆషాఢంలో.